పాత్రలోకి దిగిన అమృతవల్లి

ధర్మవరం,
జులై 6.

హిందూపురం "మనోదుర్గం" కార్యాలయం వారికి, ధర్మవరంలో చీరల అంగడి నడిపే జయరామ్ గారి భార్య అమృతవల్లి నమస్కారాలు. మీరంతా కులాసా అని నమ్ముతూ నా ఫిర్యాదు మొదలుపెడుతున్నాను.

పోయిన నెల ఒక పెళ్ళికి హిందూపురం వచ్చాను. తిరుగు బస్సుకు ఇంకా టైముంటే పుస్తకాల అంగట్లో నిలబడ్డాను. వాస్తు పుస్తకాలకూ యోగా పుస్తకాలకూ మధ్యలో మీ పుస్తకం కనిపించింది. అట్ట మీద కోట, కోట ముందు ఒక ఆడమనిషి, ఆమె నుదుటి నుంచి వెలుగు. "ఎదుటివారి మనసు ఇక మీ ముందు తెరిచిన పుస్తకం" అని కింద రాసి ఉంది. దాంతో పాటు ఇరవై మొహాల పాచిక ఒకటి. కొన్నాను.

నాకు తెలియాల్సింది ఒక్కరి మనసే. పెనుకొండలో ఉన్న మా చెల్లెలు నీలావతి ఆరేళ్ళుగా నాతో మాట్లాడటం లేదు. ఎందుకో చెప్పదు. ఫోన్ ఎత్తదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నా వెనకున్న గోడను చూసి నవ్వుతుంది. ముప్పై ఏళ్ళుగా అంగట్లో కూర్చుంటున్నాను. గడప దాటకముందే ఈమె కొంటుంది, ఈమె ఏసీ గాలి కోసం వచ్చింది అని చెప్పేస్తాను. తోడబుట్టినదాని మనసు మాత్రం నాకు అందలేదు.

ఇక మీ పుస్తకం సంగతి. చిత్తపఠనం, అంటే మనసు చదివే శక్తి, రెండు ఆమడల దూరం దాకా పనిచేస్తుందని రాశారు. ధర్మవరం నుంచి పెనుకొండ అంతకంటే ఎక్కువ. అందుకని పోయిన బుధవారం చెన్నేకొత్తపల్లి దాకా బస్సులో పోయి, బస్టాండు బెంచీ మీద కూర్చుని, పెనుకొండ దిక్కుకు తిరిగి పాచిక వేశాను. పదిహేడు పడింది. పదిహేను దాటితే చాలని మీరే రాశారు. అరగంట కాచుకున్నాను. చెల్లెలి మనసు రాలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం "ఏమమ్మా, ఆ గోలీ యాడ కొన్నావు?" అని అడిగాడు.

లోపం పుస్తకంలో ఉందా, పాచికలో ఉందా తెలియజేయగలరు.

మీ జవాబు కోసం పోస్టు వేళకు గడపలో నిలబడే
అమృతవల్లి

తా.క.: పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన ఆయన "ఎన్ని అడుగులు దించల్ల?" అన్నాడు. మనసు లోతు గురించి అడుగుతున్నాడనుకుని పది నిమిషాలు మాట్లాడాను. ఆయన బోర్లు వేసే ఆయనట.


హిందూపురం,
జులై 11.

మాన్యులు అమృతవల్లి గారికి, మనోదుర్గం సంస్థ తరపున తనూజ వినయంగా రాసేది.

మా పుస్తకానికి వచ్చిన మొట్టమొదటి ఉత్తరం మీది. కవరు చించడానికి మనసొప్పక అంచును కత్తెరతో కత్తిరించి దాచుకున్నాం.

అమ్మా, పుస్తకంలో లోపం లేదు. మనోదుర్గం ఒక ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు కథాసారథి. "కోట తలుపు మూసి ఉంది, కాపలావాడు కునికిపాట్లు పడుతున్నాడు, ఏం చేస్తారు?" అని ఆ మనిషి అడుగుతారు. "వాడి మనసు చదువుతాం" అని మిగతావాళ్ళు పాచిక వేస్తారు. పడిన అంకెను బట్టి కథ నడుస్తుంది.

మీరు నేరుగా పాచిక వేశారు. ఇబ్బంది అక్కడే వచ్చింది. శక్తులు మనకు ఉండవు, పాత్రకు ఉంటాయి. కాబట్టి ముందు మీకంటూ ఒక పాత్ర కావాలి. పద్నాలుగో పేజీ చూడండి. పాత్రకు పాతకాలపు పేరు పెడితే బాగుంటుంది. బలం, తెలివి, ఓర్పు, మనోబలం, ఒక్కోదానికి ఒక అంకె నిర్ణయించండి. చూడటానికి ఎలా ఉంటుందో, ఎక్కడ పుట్టిందో కూడా ఆలోచించుకోండి. తొందరపడి ఏదో ఒకటి అనుకోవద్దు. మంచి పాత్ర దొరికితే ఏళ్ళ తరబడి మీతో ఉంటుంది.

మీ సందేహాలకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే
తనూజ

తా.క.: నంబరులో ఒక అంకె అచ్చుతప్పు. సరైనది కవరు మీద రాశాను. ఇంకో మాట, పాత్ర పోతే బెంగ పెట్టుకోకండి. పాత్రలు పోవడం మామూలే. ఇంకొకటి చేసుకోవచ్చు.


ధర్మవరం,
జులై 19.

తనూజ గారికి అమృతవల్లి ఆశీస్సులు.

నంబరు అందింది. అయినా నేను ఉత్తరమే రాస్తాను. మా ఇంట్లో ఒకరు ఫోన్ మాట్లాడితే మిగతావాళ్ళంతా పనులు ఆపి వింటారు.

ఇది ఆట అని రాశారు. అర్థం చేసుకున్నాను. పెద్ద విద్యలు నేర్పేవాళ్ళు అసలు సంగతి కాగితం మీద పెట్టరు. మేమూ చీర అసలు ధర మొదటి మాటలోనే చెప్పం.

పాత్ర ఉండాలని ముందే తెలిస్తే నాకు చెన్నేకొత్తపల్లి ఎండ తప్పేది. మూడు రోజులు వెతికితే నచ్చినది దొరికింది. పేరు చండప్రభ. పుట్టింది కుంభకోణం వైపు. పసుపు ఛాయ. నోరు వెడల్పు, మెడ పొట్టి, నడుము గుండ్రం. చెవులు రెండూ గట్టివి, పట్టుకుని ఎంత లాగినా ఊడవు. చింతపండుతో ఒక్కసారి రుద్దితే మెరిసిపోతుంది. పేరూ అంకెలూ చెరిగిపోకుండా ఒంటి మీదే చెక్కించాను. బలం పద్నాలుగు, ఓర్పు పన్నెండు, మనోబలం పదహారు, తెలివి తొమ్మిది.

చెక్కే ఆయన చేయి ఆపి, "తెలివి తొమ్మిదేనా అమ్మా? ఈడ ఇంగా జాగా ఉండాది, పదకొండు చేద్దాం" అన్నాడు.

"అన్నీ కలిపి యాభై ఒకటి దాటకూడదప్పా, రూలు ఉండాది" అన్నాను. ఆయన చాలాసేపు నన్నే చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

మూడు రోజులుగా చండప్రభను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటున్నాను. మొహం మొహంలో పెట్టి "నీలావతి మనసులో ఏముంది?" అని అడుగుతున్నాను. నా గొంతే నాకు తిరిగి వినిపిస్తోంది తప్ప జవాబు లేదు. తరువాత ఏం చేయాలి?

ఇట్లు, సగం దారిలో నిలబడ్డ
అమృతవల్లి

తా.క.: మా కోడలు అర్చన నిన్న చండప్రభను మెట్ల మీద నుంచి పడేసింది. నడుము దగ్గర సొట్ట పడింది. ఓర్పు పన్నెండే ఉంచాలా, తగ్గించాలా?


హిందూపురం,
జులై 25.

పూజ్యులు అమృతవల్లి గారికి తనూజ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పుస్తకంలో బొమ్మలు వేసిన నా స్నేహితుడు గిరిధర్‌కు ఫోన్ చేసి మొత్తం వినిపించాను. రెండేళ్ళుగా ఈ ఆట ఆడిస్తున్నాను. అందరూ తెల్లగుర్రం, బంగారు కత్తి, నీలికళ్ళు అనేవాళ్ళే. చింతపండుతో మొహం రుద్దుకుని యుద్ధానికి బయల్దేరే వీరనారి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. తన బలమెంతో తెలివెంతో ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకోవడం! శత్రువులు చెవులు పట్టి లాగినా చలించకపోవడం! కోడలి కుట్రకు మెట్ల మీద నుంచి పడి నడుము దెబ్బ తినడం! ఓర్పు తగ్గించకండి. దెబ్బలు తిన్న పాత్రే మనసుకు దగ్గరవుతుంది.

మీ గొంతే మీకు వినిపిస్తోందంటే మీరింకా పాత్రకు బయటే ఉన్నారని అర్థం. ఎదురుగా కూర్చుంటే చాలదమ్మా. పాత్రలోకి దిగాలి. సగం దిగి సగం బయట ఉంటే ఫలితం ఉండదు, పూర్తిగా దిగిపోవాలి. అందులో ఉన్నంతసేపూ మీరు అమృతవల్లి కారు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, పేరు పెట్టి పిలుస్తారు. పలకవద్దు. గిరిధర్ మొదటిసారి పాత్రలోకి దిగినప్పుడు మూడు గంటలు బయటికి రాలేకపోయాడు. వాళ్ళమ్మ వచ్చి కేకలేస్తే తప్ప తేరుకోలేదు.

చండప్రభ అభిమాని
తనూజ

తా.క.: ఈ పాత్ర మీకు ఇరుకు అనిపిస్తే మొహమాటపడకండి. ఇంకా పెద్దది తీసుకోండి. మీ అనుభవానికి పెద్ద పాత్రే తగును.


ధర్మవరం,
ఆగస్టు 6.

చిరంజీవి తనూజకు అమృతవల్లి దీవెనలు.

నీ విద్య ఫలించింది తల్లీ! పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. నడుము పట్టేసింది.

చండప్రభలోకి దిగబోతే కుడికాలు ఒక్కటే పట్టింది. సగం దిగితే లాభం లేదన్నావు కదా. మా వీధి చివర పట్టునూలుకు రంగులద్దేవాళ్ళున్నారు. వాళ్ళ రాగి గంగాళం అడిగి తెప్పించాను. ఆదివారం ఉదయం అంగడి వెనక గదిలో అందులోకి పూర్తిగా దిగాను. చండప్రభ చిన్నబుచ్చుకోకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని నీలావతినే తలుచుకున్నాను.

గంట తరువాత లేవబోతే నడుము కదల్లేదు. మా ఇంటాయన ఒక పక్క, అంగట్లో చీరలు మడతపెట్టే మా ముసలి పెద్దప్ప ఒక పక్క పట్టుకుని లాగారు. గంగాళం నాతో పాటే లేచింది.

"దీంట్లోకి ఎందుకు దిగినావే?" అని మా ఇంటాయన అరిచాడు. పలకవద్దని నువ్వు రాశావు. నేను పలకలేదు. "అమృతా, అమృతా!" అన్నాడు. నేను అమృతను కాను కదా, చూస్తూ కూర్చున్నాను. అర్చనకు భయమేసి పెనుకొండకు ఫోన్ చేసింది.

"చిన్నత్తా, మా అత్త గంగాళంలో కూర్చోనుండాది. ఎవురు పిలిచినా పలకదు."

రెండు గంటలు తిరగకముందే వాకిట్లో ఆటో ఆగింది. బస్సు కోసం కూడా ఆగకుండా పెనుకొండ నుంచి ఆటోలోనే వచ్చేసింది నా చెల్లెలు. గడప మీద నిలబడి ఆరేళ్ళ తరువాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"ఏమక్కా, ఆ గంగాళంలో ఏం చేస్తాండావు?"

"నీ మనసు చదువుతాండా."

"నా మనసు చదివేకి గంగాళం ఎందుకే? నన్ను అడిగేకి ఏమి?"

"నువ్వు ఫోన్ ఎత్తితే కదా అడిగేది!"

"ఎత్తకపోతే ఇంటికి రావల్ల. పెనుకొండ ఏమన్నా సముద్రం అవతల ఉండాదా?"

చెన్నేకొత్తపల్లి దాకా వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు బయటపెట్టింది. ఆరేళ్ళ కిందట వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి నేను పెట్టిన పట్టుచీర కొంగులో జరీ పోగు తెగి ఉందట. "లోకానికంతా మంచి చీరలు అమ్ముతావు. తోడబుట్టినదానికి పోగు తెగిన చీర పెడతావా?" అని గంగాళం చెవి పట్టుకుని ఏడ్చింది.

"నాకు తెలీదు నీలా. పెద్దప్ప పొరపాటున ఒకటికి ఒకటి కట్టినట్టుండాడు" అన్నాను.

పెద్దప్ప నోరు తెరిచాడు. నన్ను చూసి మళ్ళీ మూసుకున్నాడు.

నీలావతే కొబ్బరినూనె తెచ్చి, నన్ను బయటికి లాగి, వేడినీళ్ళు పోసింది. రెండు రోజులు ఉండి, నడుము నొప్పి అన్నా వినకుండా నా చేత రెండు పూటలా బొరుగుల ఉగ్గాని చేయించుకుని తిని వెళ్ళింది. మనసు చదువుదామని కూర్చుంటే మనిషినే తెచ్చి గడపలో నిలబెట్టింది నీ విద్య. దూరం రెండు ఆమడలే అని తక్కువ రాశావు, దిద్దుకో.

నీ మేలు మరవని
అమృతవల్లి

తా.క.: గంగాళం అడుగున రంగు మిగిలి ఉందని నేను చూసుకోలేదు. చీర వెనకంతా రాణి రంగు అంటింది. తెలియక, వేడినీళ్ళు కాగేలోపు అలాగే అంగట్లోకి వచ్చాను. ఇద్దరు ఆడవాళ్ళు అదే డిజైన్ కావాలని పట్టుబట్టారు.


హిందూపురం,
ఆగస్టు 9.

అమ్మా, మీ కాళ్ళకు మొక్కి తనూజ రాసుకునేది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి గోడకు ఆనుకుని చదివాను. పాత్ర అంటే గిన్నె కాదమ్మా! బిందె కాదు, గంగాళం అసలే కాదు. నాటకంలో వేషం ఉంటుందే, అది. ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. పాత్రలోకి దిగడమంటే ఆ వేషంలో ఉన్న మనిషి ఎలా ఆలోచిస్తుందో అలా ఆలోచించడం, ఆ మనిషిగా మాట్లాడటం. అంతే.

నేను రాసిన ఉత్తరాల ఫొటోలు ఫోన్‌లో ఉంటే తీసి చూసుకున్నాను. ప్రతి వాక్యమూ మిమ్మల్ని భుజం పట్టి గంగాళంలోకి తోసేలాగే ఉంది. పోయిన పాత్రల గురించి రాసిన వాక్యం చూసి నాకే సిగ్గేసింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. శక్తి ఏదీ లేదమ్మా. నీలావతి గారు వచ్చింది అర్చన గారు ఫోన్ చేసినందుకు. మీకేమైందోనని ఆటోలో పరిగెత్తుకొచ్చారు, అది మా పుస్తకంలో లేదు. "మా సంస్థ" అని గొప్పగా రాశాను కానీ, సంస్థ అంటే నేనూ గిరిధర్, మా మిద్దె మీద ఒక బీరువా.

తప్పు దిద్దుకోవడానికి ఒక్క అవకాశం ఇవ్వండి. వచ్చే ఆదివారం ఉదయం రైలుకు ధర్మవరం వస్తాను. నీలావతి గారిని కూడా రమ్మనండి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, నాలుగు కాగితాలు చాలు. ఆట ఎలా ఆడాలో నేను దగ్గరుండి చూపిస్తాను. ఇత్తడివీ రాగివీ ఏవీ దగ్గర పెట్టుకోవద్దు.

క్షమించమని వేడుకునే
తనూజ

తా.క.: రెండో ముద్రణ కోసం చండప్రభ బొమ్మ వేయించేశాను. పసుపు ఛాయ, వెడల్పు నోరు, పొట్టి మెడ, గట్టి చెవులు. వేస్తున్నప్పుడే గిరిధర్ "ఈయమ్మ అచ్చం బిందె మాదిరి ఉండాది" అన్నాడు. "కళాదృష్టి లేదు నీకు" అని తిట్టాను.


ధర్మవరం,
ఆగస్టు 25.

చిరంజీవి తనూజకు అమృతవల్లి దీవెనలు.

నువ్వు వచ్చి ఆడించిన ఆదివారం ఎలా గడిచిందో నీకు తెలుసు. నువ్వు లేని నిన్నటి ఆదివారం సంగతి ఇప్పుడు రాస్తున్నాను, స్థిమితంగా కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే కథాసారథి కుర్చీ అర్చనకు ఇచ్చాం. ఇంట్లో ఆ పిల్ల గొంతు గట్టిగా విని ఎరగం. ఆ కుర్చీలో కూర్చోగానే వాళ్ళ మామను గుహలో కట్టేయించింది. ఆయన అందులో గుర్రం వేషం. మాట్లాడే పని ఉండదని అదే కోరుకున్నాడు. నేను చండప్రభ. ఈసారి కాగితం మీదే. నీలావతి అగ్నిశిఖ. కోట తాళంచెవి పోయింది. ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి.

"చండప్రభ మనసు చదువుతాను" అని నీలావతి పాచిక వేసింది. ఇరవై!

అర్చన ముప్పై ఒకటో పేజీ తీసి గట్టిగా చదివింది. ఇరవై పడితే ఎదుటి పాత్ర ఒకే ఒక ప్రశ్నకు నిజం చెప్పి తీరాలి, అబద్ధం చెప్పే వీలు లేదు. తాళంచెవి గురించి అడుగుతుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. నీలావతి బల్ల మీదికి వంగింది.

"చండప్రభా, ఆ చీరలో పోగు తెగిందని నీకు ముందే తెలుసునా?"

"ఇది కోటలో ప్రశ్న కాదు" అన్నాను.

"ఏ ప్రశ్న అనేది పుస్తకంలో లేదత్తా. ఒక ప్రశ్న అంతే" అంది మా కోడలు, పేజీ నా వైపు తిప్పి చూపిస్తూ.

సాయం కోసం మా ఇంటాయన్ను చూశాను. ఆయన గుర్రం కదా, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దప్ప టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

తనూజా, అబద్ధం చెప్పడం నాకు కష్టం కాదు. "ఈ రంగు మీ కోసమే పుట్టిందమ్మా" అని రోజుకు ఇరవైసార్లు చెప్పే నోరు ఇది. ఆరేళ్ళ తరువాత ఇంటికొచ్చిన చెల్లెలు మళ్ళీ లేచి వెళ్ళిపోతుందని భయం కూడా వేసింది. కానీ నా ఎదురుగా ఆ కాగితం ఉంది. చండప్రభ రాజుకైనా భయపడదని, అబద్ధమాడదని నువ్వు వచ్చిన రోజు నేనే నా చేత్తో రాశాను. ఆ మనిషైతే ఏమంటుందని ఆలోచించాను. పాత్రలోకి దిగడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. గంగాళమే నయం. దాంట్లోంచి నూనె రాసైనా బయటికి రావచ్చు.

"తెలుసు" అన్నాను. "తెలుసు నీలా. మడత లోపలికి పోతాదిలే, కనపడదులే అనుకుంటి. మంచిది ఇంకెవురికో తీసి పెట్టినా. పెద్దప్పది ఏమీ తప్పు లేదు."

పెద్దప్ప వచ్చి టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, "నేను ఆ పొద్దే చెప్పినా, వద్దమ్మా అని" అని వెళ్ళిపోయాడు. నీలావతి టీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. బ్యాగు తీసుకుంటుందనుకున్నాను. పాచిక తీసుకుంది.

"అర్చనా, అగ్నిశిఖకు మళ్ళీ వంతు ఎప్పుడమ్మా?"

సాయంత్రం దాకా ఆడింది. ఆ లోపల చండప్రభను రెండుసార్లు గోడకేసి కొట్టింది, ఒకసారి మొసళ్ళ కందకంలో పడేసింది, అన్నీ మనోబలంతోనే. నేను ఒక్కసారి కూడా ఎదురు తిరగలేదు. వెళ్ళేటప్పుడు అంగట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి చీర తీసి పెట్టాను. వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి, కొంగు మొదలు అంచు చివరి దాకా విప్పి, జానెడు జానెడుగా చూసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. వచ్చే ఆదివారం మొదటి బస్సుకే వస్తుందట. ఆ మాట నాతో కాదు, అర్చనతో చెప్పింది.

నాతో మాత్రం మళ్ళీ మాటల్లేవు. అయితే చండప్రభతో మాట్లాడుతుంది. గడప దిగుతూ వెనక్కి తిరిగి, "ఓ చండప్రభా, మా అక్క కనపడితే చెప్పు, ఈసారి ఉగ్గానిలో ఉప్పు తగ్గించమని" అంది.

చెబుతానని చండప్రభ మాట ఇచ్చింది.

దీవిస్తూ,
అమృతవల్లి

తా.క.: నిజం చెప్పించే ఆ రూలును రెండో ముద్రణలో తీసేయమని రాద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వద్దు, ఉండనివ్వు. నీలావతిని నేను అడగాల్సినవి మూడు ఉన్నాయి. నాకే ఇరవై పడటం లేదు.